పరిశీలనలో అత్తయ్య

ఇంటి నుంచి, కిటికీ పక్క బల్ల దగ్గర

చిరంజీవి కోడలికి,

ఆశీస్సులు. ఉత్తరం నీ ఆఫీసుకు వచ్చిందని కంగారుపడకు. ఇక్కడ అంతా క్షేమమే. ఫోను చేస్తే నువ్వు వంట చేసుకుంటూ స్పీకరులో పెడతావు, మీ ఆయన హాల్లోంచే జవాబులిస్తాడు. అత్తాకోడళ్ళం మనసువిప్పి మాట్లాడుకోవడానికి మనకంటూ ఒక చోటుండాలి కదా.

నా కాలేజీ సంగతులు చెప్పమని అడిగావు. ఇన్నేళ్ళూ ఆసుపత్రిలో తెల్లబట్టల్లో తిరిగిన నర్సును, రిటైరయ్యాక భుజాన సంచీ తగిలించుకుని డిగ్రీకి పోతుంటే వీధి చివర కూరగాయలాయన "ఏమ్మా, డ్యూటీ మారిందా?" అని అడుగుతున్నాడు. మారిందని చెప్పాను. క్లాసులో బెంచీలు సన్నపిల్లల కొలతకు చేసినవి. నేను, నా సంచీ, నా మోకాళ్ళు, ముగ్గురం ఒకే బెంచీలో సర్దుకుంటున్నాం. పక్కన, ఈ క్లాసు రెండోసారి చదువుతున్న ఒక కళ్ళజోడు పిల్ల కూర్చుంటుంది. నన్ను ఆంటీ అంటుంది, నా పెన్ను అడక్కుండా తీసుకుంటుంది. సాహిత్యం చెప్పే మాస్టారు రోజూ "పిల్లలూ" అని మొదలుపెడతారు, తర్వాత నా వైపు చూసి "మీరు కూడానండీ" అంటారు.

లైబ్రరీలో ఒక ఫ్యాను ఉంది. తిరిగేటప్పుడు మనిషి మూలిగినట్టే ఉంటుంది. మొదటి రోజు నేను లేచి చుట్టూ చూశాను, ఎవరికి నొప్పి వచ్చిందోనని. లైబ్రేరియను అర్థం చేసుకుని "అది పాతది అమ్మా, దానికేం కాదు" అన్నాడు. ఇప్పుడు దాని కిందే కూర్చుంటాను, వార్డులో ఉన్నట్టుంటుంది.

మొదటి టర్ము పరీక్షలూ అయిపోయాయి. రాశాను. సెలవులు ఎలా గడిచాయో తెలియనే లేదు. నువ్వు వేళకు తిను. నడుము నొప్పికి దిండు పెట్టుకోమన్నాను, పెట్టుకుంటున్నావా?

మీ అత్తయ్య


పరీక్షల విభాగం, కౌంటరు వెనక గది

అత్తయ్యగారికి నమస్కారాలు.

దిండు పెట్టుకుంటున్నాను. నొప్పి తగ్గింది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫ్యాను గురించి ఒక పేరా నిండా రాశారు. కూరగాయలాయన గురించి రాశారు. పరీక్షల గురించి మాత్రం "రాశాను" అని ఒక్క మాటతో సరిపెట్టారు. అత్తయ్యా, మీ కోడలు పనిచేసేది ఎక్కడో మరిచిపోయినట్టున్నారు. కాలేజీ వేరైనా పని ఒకటే. మా కౌంటరు దగ్గరికి వచ్చే పిల్లలు కూడా ముందు ఎండ గురించి మాట్లాడతారు, బస్సు ఆలస్యం గురించి మాట్లాడతారు. అసలు సంగతి చివర్న వస్తుంది, అదీ నేలచూపులు చూస్తూ.

సెలవులైపోయాయంటే ఫలితాలు వచ్చే ఉంటాయి. ఇంటికి రాయకుండా ఆఫీసుకు రాశారంటే మీ అబ్బాయికి తెలియకూడనిది ఏదో ఉందన్నమాట. నా నోరు గట్టిది. చెప్పండి.

మీ కోడలు


ఇంటి నుంచి

చిరంజీవి కోడలికి,

ఆశీస్సులు. నీ దగ్గర దాచాలనుకోవడం పోలీసు ఇంట్లో దొంగసొత్తు దాచుకోవడమే.

సరే, విను. సాహిత్యంలో ఏ వచ్చింది. చరిత్రలో బి. ఆర్థికశాస్త్రంలో డి, అయినా గట్టెక్కినట్టేనట. బయాలజీలో ఎఫ్. ఫెయిలు. ఇంకెందులో పోయినా నవ్వి ఊరుకునేదాన్ని. నేను, బయాలజీలో. డాక్టర్లు వచ్చేలోపు మనుషుల ప్రాణాలు పట్టుకుని కూర్చున్నదాన్ని. ఈతగాడు చెంబులో మునిగాడంటే ఇదే.

దాంతో పాటు కాలేజీ వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "మీ విద్యా ప్రగతి సంతృప్తికరముగా లేనందున మిమ్ములను పరిశీలనలో ఉంచడమైనది. తదుపరి టర్మునందు తగిన మెరుగుదల కనబరచనిచో మీ ప్రవేశము రద్దు చేయబడును." వరండాలో నిలబడి చదివాను. స్తంభాన్ని పట్టుకుని మళ్ళీ చదివాను. పరిశీలనలో పెట్టడమంటే మా ఆసుపత్రిలో అర్థం వేరు. తల మీద దెబ్బ తగిలినవాణ్ణి పెడతాం. వాడి దగ్గర ఎవరో ఒకరు కూర్చుంటారు. ఇక్కడ నా దగ్గర ఎవరూ కూర్చోలేదు.

కళ్ళజోడు పిల్ల చూసి, "ఆంటీ, నేనూ పోయినేడు వెళ్ళొచ్చాను, ఏం కాదు" అంది, అదేదో పెళ్ళికి వెళ్ళొచ్చినట్టు.

మీ ఆయనకు చెప్పకు. నేను కాలేజీలో చేరతానన్నప్పుడు వాడేమన్నాడో నీకు తెలుసు. "ఇన్నేళ్ళు కష్టపడ్డావు, ఇంకా ఎందుకమ్మా" అన్నాడు. వాడు వెక్కిరిస్తే తట్టుకుంటాను. జాలిపడితే మాత్రం మానేస్తాను. వాడు తప్పకుండా జాలిపడతాడు, వాడి సంగతి నాకు తెలియదా?

ఒక్క సందేహం. నాలుగింట్లో మూడు పాసయ్యాను కదా. ఒక్కటి పోతే మొత్తం నన్నే ఎందుకు పరిశీలనలో పెట్టారు? ఇదేం లెక్క?

మీ అత్తయ్య


పరీక్షల విభాగం నుంచి

అత్తయ్యగారికి నమస్కారాలు.

ముందుగా ఒక మాట. పరిశీలన అంటే గెంటేయడం కాదు. మీరు ఇంకా ఆ కాలేజీ విద్యార్థినే. క్లాసులకు వెళ్ళొచ్చు, లైబ్రరీకి వెళ్ళొచ్చు, మూలిగే ఫ్యాను కింద కూర్చోవచ్చు. ఒక టర్ము గడువిచ్చి, ఈలోగా తేరుకోమంటున్నారు, అంతే.

ఇక లెక్క. ఇక్కడా అక్కడా పద్ధతి దాదాపు ఒకటే. ప్రతి గ్రేడుకూ కొన్ని పాయింట్లుంటాయి. ఏకి ఎనిమిది, బికి ఏడు, సికి ఆరు, డికి అయిదు, ఎఫ్‌కు సున్నా. ప్రతి సబ్జెక్టుకూ ఇన్ని క్రెడిట్లని ఉంటుంది, అంటే దాని బరువు. గ్రేడు పాయింట్లను ఆ బరువుతో గుణిస్తారు. అన్నీ కూడి మొత్తం క్రెడిట్లతో భాగిస్తారు. వచ్చేదే మీ సగటు. అది అయిదుకు తగ్గితే పరిశీలన.

మీ బయాలజీకి ల్యాబు కూడా ఉంది కాబట్టి నాలుగు క్రెడిట్లుంటాయి. మిగతావి మూడేసి. సాహిత్యం ఇరవై నాలుగు, చరిత్ర ఇరవై ఒకటి, ఆర్థికశాస్త్రం పదిహేను. కలిపితే అరవై. బయాలజీ సున్నా తెచ్చింది గానీ తన నాలుగు క్రెడిట్లనూ పట్టుకొచ్చి పంక్తిలో కూర్చుంది. అరవైని పదమూడుతో భాగిస్తే నాలుగుకు పైన ఆరు పదో వంతులు. అయిదుకు ఇంకాస్త దూరం. ఇంట్లో పెద్ద గిన్నె అడుగంటితే చిన్న గిన్నెలు ఎంత బాగా ఉడికినా భోజనం చాలదు. ఇదీ అంతే.

మంచి మాట ఏమిటంటే, ఫెయిలైన సబ్జెక్టును మళ్ళీ చదవొచ్చు. కొత్త గ్రేడు వస్తే సగటులో దాన్నే లెక్కేస్తారు. పాతది కాగితం మీద ఉంటుంది, చెరిగిపోదు, కానీ లెక్కలోకి రాదు. మీ దగ్గర కూడా ఇలాగేనా అని మీ కాలేజీ సలహాదారుణ్ణి అడగండి. పరిశీలనలో ఉన్నవాళ్ళకు తక్కువ సబ్జెక్టులే ఇస్తారు. దానికి నొచ్చుకోకండి, అది మీ మంచికే.

మీ అబ్బాయికి చెప్పను. నిన్న అన్నం తింటూ "అమ్మ ఈ మధ్య ఫోనులో పొడిగా మాట్లాడుతోంది" అన్నాడు. చదువుల ఒత్తిడేమో అన్నాను. అబద్ధం కాదు కదా.

మీ కోడలు


ఇంటి నుంచి

చిరంజీవి కోడలికి,

ఆశీస్సులు. నీ లెక్క అర్థమైంది. గిన్నెల పోలిక బాగుంది. మా సలహాదారు కూడా అదే చెప్పాడు. ఈ టర్ము మూడే తీసుకోమన్నాడు. బయాలజీ మళ్ళీ, సాహిత్యం రెండో భాగం, మనస్తత్వశాస్త్రం.

కానీ నేను మళ్ళీ ఎందుకు చదవాలి? ఎక్కడో పొరపాటు జరిగింది. మార్కులు కూడేటప్పుడు జరిగిందో, నా పేపరు వేరే వాళ్ళ పేపరుతో కలిసిపోయిందో. ప్రతి ప్రశ్నకూ పేజీలకు పేజీలు రాశాను. అదనపు కాగితాలు అడిగి తీసుకున్నాను. అన్ని పేజీలకు ఎఫ్ ఎలా వస్తుంది?

నువ్వూ ఆ పనిలోనే ఉన్నావు. పరీక్షల విభాగాల వాళ్ళు మీటింగులనీ అవనీ ఎక్కడో కలుస్తూనే ఉంటారు. మా కాలేజీలో ఆ సీట్లో ఉన్నాయనకు ఒక్క ఫోను చెయ్యి. మా అత్తగారండీ, నర్సుగా చేశారు, ఒకసారి చూడండి, అను చాలు. మార్కులు వెయ్యమని అడగక్కర్లేదు. చూడమను. చూస్తే వాళ్ళకే తెలుస్తుంది.

త్వరగా చెయ్యి. గడువు దాటిపోతుందేమో.

మీ అత్తయ్య


పరీక్షల విభాగం నుంచి

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఆ ఫోను నేను చేయలేను.

ఆయన నాకు తెలుసు. చేస్తే మర్యాదగా మాట్లాడతారు కూడా. అందుకే చేయను. మా కౌంటరు దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వస్తారు. మా అబ్బాయే, మా బంధువే, ఒక్కసారి చూడండి, చాలు అంటారు. వాళ్ళందరికీ నేను చెప్పే మాటే మీకూ చెప్పాలి, లేకపోతే రేపటి నుంచి వాళ్ళ ముఖం చూడలేను. ఇంకొకటి. నేను ఫోను చేశాక మీకు మంచి గ్రేడు వచ్చిందనుకోండి, అది మీదో నాదో మీకే తెలియదు.

దారి లేకపోలేదు. పేపరు చూపించమని అర్జీ పెట్టుకోవచ్చు. కూడికలో తప్పుంటే సరిచేస్తారు. అన్నిటికంటే సులువు, ఆ పాఠం చెప్పిన మేడమ్ దగ్గరికి మీరే వెళ్ళడం. నా పేపరు ఎక్కడ దెబ్బతిందో చెప్పండి అని అడగడం. పిల్లలు దీనికి భయపడతారు. మీరు భయపడతారనుకోను.

మీ కోడలు


ఇంటి నుంచి

కోడలికి,

ఉత్తరం అందింది. నిబంధనలు తెలిశాయి. ఇక్కడ అందరం క్షేమం.

అత్తగారు


పరీక్షల విభాగం నుంచి

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరంలో ఆశీస్సులు లేవు. కోడలి ముందు చిరంజీవి లేదు. అయినా బతికే ఉన్నాను.

ఫోను సంగతిలో నా మాట మారదు. దానికోసం మళ్ళీ రాయడం లేదు. మీకొక విషయం చెప్పాలనిపించింది, ఇంకెవరికి చెప్పినా నవ్వుతారు.

మీకు వచ్చిన కాగితంలాంటిదే మా దగ్గరా ఉంది. ఒక్క అక్షరం తేడా లేదు. "సంతృప్తికరముగా లేనందున", "రద్దు చేయబడును." నేను ఉద్యోగంలో చేరకముందు ఎవరో రాశారు. ప్రతి టర్మూ పేర్లు మార్చి నేనే పంపుతున్నాను. నిన్న మళ్ళీ ఆ పని వచ్చింది. మొదటి కాగితం ప్రింటరులోంచి బయటికి రాగానే మీరు స్తంభం పట్టుకుని నిలబడ్డ సంగతి గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ నేనది కవరులో పెట్టే కాగితం అనుకున్నాను. అవతల ఒకరు దాన్ని నిలబడి చదువుతారని తట్టలేదు.

మిగతావి ప్రింటు చేయకుండా ఆపాను. పదిహేను రోజుల్లోగా పంపాలి. మా పరీక్షల కంట్రోలరు గారిని అడిగి దాన్ని మార్చాలనుంది. ఏం రాయాలో తెలియడం లేదు. కోపం తగ్గితే చెప్పండి, అది చదివినప్పుడు మీకు ఏ మాట కనబడి ఉంటే బాగుండేది?

మీ కోడలు, చిరంజీవి


కాలేజీ లైబ్రరీ నుంచి

చిరంజీవి, సౌభాగ్యవతి, మొండిఘటం అయిన కోడలికి,

ఆశీస్సులు, పాతవీ కొత్తవీ కలిపి.

వెళ్ళాను. నేను భయపడననుకున్నావు గానీ భయపడ్డాను. బయాలజీ మేడమ్ మీ ఆయనకంటే చిన్నది. ఆమె గది బయట బల్ల మీద ఇద్దరు పిల్లల మధ్య కూర్చున్నాను. ఆసుపత్రిలో ఓపీ బయట రోగులు ఎలా కూర్చుంటారో ఇన్నేళ్ళకు తెలిసింది.

"రండమ్మా, కూర్చోండి," అంది.

"నా పేపరు చూద్దామని వచ్చాను మేడమ్. పొరపాటు ఎక్కడో జరిగిందని నా అనుమానం," అన్నాను. మర్యాదగానే అన్నాను, కానీ వార్డులో కొత్త డాక్టర్లతో మాట్లాడే గొంతుతో.

ఆమె లేచింది. అలమార తీసి, వెతికి, పేపరు నా ముందు పెట్టింది. "మార్కులు మీరే కూడండి," అంది. కూడాను. కూడిక సరిగ్గానే ఉంది. రాత నాదే. కలిసిపోలేదు, తప్పిపోలేదు.

"మూడో ప్రశ్న పైకి చదవండి," అంది.

"రక్తపోటు పడిపోయినప్పుడు శరీరం దాన్ని తిరిగి ఎలా నిలబెట్టుకుంటుంది?"

"ఇప్పుడు మీ జవాబు చదవండి."

చదవడం మొదలుపెట్టాను. "రోగిని వెంటనే వెల్లకిలా పడుకోబెట్టవలెను. కాళ్ళు ఎత్తుగా ఉంచవలెను. బంధువులను పక్కకు జరగమనవలెను. వారు జరగనిచో గట్టిగా చెప్పవలెను." అక్కడికి వచ్చేసరికి నాకే నవ్వొచ్చింది. ఇంకో పేజీ ఉంది అలాంటిదే. డాక్టరును ఎలా పిలవాలో కూడా రాశాను.

"చూశారా," అంది. "శరీరం ఏం చేస్తుందని నేనడిగాను. మీరేం చేస్తారో మీరు రాశారు."

కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆ అమ్మాయి న్యాయంగా మాట్లాడింది. గుండె ఎందుకు వేగం పెంచుతుందో, రక్తనాళాలు ఎందుకు బిగుసుకుంటాయో, వాటికి కబురు ఎవరు పంపుతారో నిజంగా నాకు తెలియదు. అది జరుగుతుండగా వేల సార్లు చూశాను. ఎందుకు జరుగుతుందో అడగడానికి తీరికే లేకపోయింది, పక్కమంచం వాడు పిలిచేవాడు. అందుకే కదా కాలేజీలో చేరాను. చేరి, ఆ సంగతే మరిచిపోయి, నాకు తెలిసిందంతా వాళ్ళకు చెప్పి వచ్చాను.

"మళ్ళీ చదువుతాను," అన్నాను.

"చదవండి. జవాబు మొదలుపెట్టే ముందు, ప్రశ్న ఎవరి గురించో పక్కన ఒక మాట రాసుకోండి. రోగి గురించా, నర్సు గురించా, గుండె గురించా అని," అంది. లేస్తుంటే, "మీరు ఎప్పుడైనా నా పక్కనుంటే నేను ధైర్యంగా స్పృహ తప్పుతాను. అది వేరు, ఇది వేరు," అంది. తలుపు దాకా వచ్చి సాగనంపింది.

నువ్వు ఆ ఫోను చేసి ఉంటే ఈ పేపరు నేను చూసి ఉండేదాన్ని కాదు. నీ మీద కోపం ఎందుకొచ్చిందో తెలుసా? నేనైతే నీకోసం చేసి ఉండేదాన్ని. అది గొప్ప అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

ఇక మీ కాగితం. నీ గడువులోగా అందాలని ఇక్కడి నుంచే రాసి పంపేస్తున్నాను. "చేయబడును" తీసెయ్యి. ఎవరు చేస్తారో తెలియని పని మనిషిని ఎక్కువ భయపెడుతుంది. నేనెక్కడున్నానో ముందు చెప్పు, ఇంకా విద్యార్థినేనని. ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పు, గది నంబరుతో సహా. సబ్జెక్టు మళ్ళీ చదవొచ్చని చెప్పు. ఆ ముక్క నాకు నువ్వు చెప్పేదాకా తెలియదు. భయపెట్టే మాట తప్పదంటే చివర్న పెట్టు. సూది వేసే ముందు చెయ్యి పట్టుకుంటాం కదా.

ఫ్యాను మూలుగుతోంది. నాకేం కాదని దానికీ చెప్పాను.

మీ అత్తయ్య


పరీక్షల విభాగం నుంచి

అత్తయ్యగారికి నమస్కారాలు.

"బంధువులు జరగనిచో గట్టిగా చెప్పవలెను" దగ్గర నేను కౌంటరులోనే నవ్వాను. ఎదురుగా నిలబడ్డ కుర్రాడు తన మార్కులు చూసే నవ్వుతున్నాననుకుని వణికిపోయాడు. సర్దిచెప్పి పంపాను.

మీ ఉత్తరం సమయానికి అందింది. మీరన్నట్టే రాసి కంట్రోలరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. కళ్ళజోడు పైకి నెట్టి చదివారు.

"ఇన్నేళ్ళుగా ఉన్నది బాగానే ఉంది కదమ్మా. అయినా ఇలాంటి ఉత్తరాలు ఎవరు చదువుతారు?" అన్నారు.

"అందరూ చదువుతారు సార్. నిలబడి చదువుతారు," అన్నాను.

ఎవరు చెప్పారని అడుగుతారేమోనని చూశాను. అడగలేదు.  "రద్దు గురించి తీసేయడానికి లేదు, అది నిబంధన," అన్నారు. తీసేయొద్దు, చివర్న ఉంచుదాం అన్నాను. సరేనని సంతకం పెట్టారు. పెట్టాక, "నేనూ ఒకసారి అందుకున్నానమ్మా దీన్ని, చదువుకునే రోజుల్లో," అన్నారు. కాగితం నా చేతికిచ్చారు. 

ఉత్తరాలు వెళ్ళాయి. మొన్న ఒక అమ్మాయి మా కిటికీ దగ్గరికి వచ్చింది. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంది. "ఇందులో మీ గది నంబరుంది, అందుకే వచ్చాను," అంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ కాగితం పట్టుకుని ఎవరైనా రావడం ఇదే మొదలు. లోపల కూర్చోబెట్టి లెక్క వేయించాను. గిన్నెల సంగతి చెప్పాను. ఒకే ఒక్క సబ్జెక్టు మళ్ళీ చదివితే గట్టెక్కుతుంది. "ఇంతేనా మేడమ్? నేను సామాన్లు సర్దేసుకున్నాను," అంది. సంచీ నిజంగానే బయట గోడ వారగా ఉంది. దాన్ని మళ్ళీ హాస్టలుకు మోసుకెళ్ళింది.

మీ చదువు ఎలా సాగుతోంది? మీ అబ్బాయి ఈ ఆదివారం మీ ఊరు వస్తున్నాడు. జాగ్రత్త.

మీ కోడలు


ఇంటి నుంచి

చిరంజీవి కోడలికి,

ఆశీస్సులు. ఆ సంచీ సంగతి మళ్ళీ మళ్ళీ చదివాను. మంచి పని చేశావు.

నీ మొగుడు వచ్చాడు. నువ్వు ముందే చెప్పినా నేను జాగ్రత్తపడలేదు. పుస్తకాలన్నీ బల్ల మీదే ఉన్నాయి. బూట్లు విప్పుకుంటూనే, "ఏమ్మా, ఆదివారం కూడా చదువేనా?" అన్నాడు.

ఎలా చెప్పాలో ముందుగా అనుకున్న మాటలన్నీ ఎటుపోయాయో. "ఫెయిలయ్యానురా," అన్నాను.

వాడు పక్కనే కూర్చున్నాడు. నేను అనుకున్న ముఖమే పెట్టాడు. "పోనీలే, వదిలెయ్యమ్మా. ఎందుకొచ్చిన..."

"ఆ మాట నువ్వంటావని తెలుసు. ఇంకోటి చెప్పు," అన్నాను.

 వాడు లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, మర విప్పి చూసినట్టు పుస్తకం తిరగేశాడు. తర్వాత, "లిఫ్టు ఆగిపోయిందని ఫోను వస్తే మేం ముందు ఏ అంతస్తుల మధ్య ఆగిందో అడుగుతాం. నువ్వెక్కడ ఆగావు?" అన్నాడు. నీ లెక్క చూపించాను. ఎంత రావాలో, దేంట్లో రావాలో చెప్పాను. వాడు కాగితం మీద తానూ వేసుకుని చూశాడు. "అయితే సి వస్తే చాలుగా," అన్నాడు. వాడి గొంతులో జాలి పోయింది. మరమ్మతు పనిలో దిగిన మనిషి గొంతు వచ్చింది. నాకు ఊపిరాడింది.

ఇక మధ్యాహ్నమంతా వాడు ప్రశ్నలడగడం, నేను అప్పజెప్పడం. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకున్నందుకు కసి తీర్చుకున్నాడు. ఒక్క ముక్క వదలలేదు. "అడిగింది మూత్రపిండం గురించి. నువ్వు మళ్ళీ పేషెంటు దగ్గరికి పోయావు. వెనక్కి రా," అంటాడు. నేను వెనక్కి వస్తాను. సాయంత్రానికి ఇద్దరికీ గొంతు పోయింది. వెళుతూ, "ఇది నా పెళ్ళానికి తెలుసా?" అన్నాడు. నేను కిటికీలోంచి చూశాను. "అత్తాకోడళ్ళు కొట్టుకుంటారంటారు, నా ఖర్మకు మీరిద్దరూ ఒకటయ్యారు," అని గొణుక్కుంటూ పోయాడు. పోతూ పోతూ పుస్తకం అట్ట ఫోటో తీసుకున్నాడు, ఫోనులో అడుగుతాడట.

ఇక నువ్వు ఇంటి నుంచే రాయొచ్చు, నేనూ మీ ఇంటికే రాస్తాను.

మీ అత్తయ్య


మా ఇంటి నుంచి, ఈసారి ఆఫీసు కాదు

అత్తయ్యగారికి నమస్కారాలు.

రాత్రి భోజనాల దగ్గర మూత్రపిండాల గురించి తప్ప వేరే మాట లేదు. నిన్న మా పక్కింటావిడ వస్తే ఆవిడకు కూడా వివరించారు మీ అబ్బాయి. ఆవిడ కాఫీ సగంలో వదిలేసి వెళ్ళింది. మీ పరీక్షలు త్వరగా అయిపోతే మేమూ బతుకుతాం.

పరీక్షకు ముందు రోజు కొత్తది చదవకండి. హాల్లో పేపరు ఇవ్వగానే రాయడం మొదలుపెట్టకండి. పెన్ను ఆ కళ్ళజోడు పిల్లకు ఇవ్వకండి.

మీ కోడలు


కాలేజీ వరండా నుంచి

చిరంజీవి కోడలికి,

ఆశీస్సులు. ఇక్కడ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నన్ననకు, మెట్లను తిట్టుకో.

ఫలితాలు వచ్చాయి. సాహిత్యంలో బి. మనస్తత్వశాస్త్రంలో సి. బయాలజీలో సి. ఏ కాదు, బి కాదు. సి. అందులో ఒక్క మార్కూ ఎవరూ ఊరికే వేయలేదు. నాకు ఆసుపత్రిలో ఇచ్చిన పతకం కంటే ఇది బరువుగా ఉంది. నీ పద్ధతిలో లెక్క నేనే వేశాను. నూట ఇరవై మూడును పంతొమ్మిదితో భాగించాను. ఆరున్నరకు కాస్త కింద. తప్పేమోనని కళ్ళజోడు పిల్లతో మళ్ళీ వేయించాను. ఆ పిల్ల నా సగటు చూసి, తన సగటు చూసుకుని, "ఆంటీ, మీరు నన్ను దాటేశారు," అని నన్ను పట్టుకుని ఊపేసింది. ఈ టర్ము ఇద్దరం కలిసి చదువుకుందామని అనుకున్నాం. దాని పెన్ను అదే తెచ్చుకుంటుందట.

పరిశీలన నుంచి తీసేశామని కాలేజీ వాళ్ళు ఇంకో కాగితం ఇచ్చారు. అది మామూలు కాగితమే, చదివి సంచీలో పెట్టుకున్నాను. మీ ఆయనకు ఫోను చేస్తే ఎక్కడో లిఫ్టు గోతిలో ఉన్నాడు. అక్కడి నుంచే అరిచాడు. వాడి కింద పనిచేసేవాళ్ళు ఏమైందోనని భయపడ్డారట.

ఆ తర్వాత కొత్త టర్ముకు పేరు రాయించుకోవడానికి కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. నా ముందంతా పిల్లలు, నా వెనకంతా పిల్లలు. నా వంతు వచ్చింది. సీట్లో కొత్త గుమాస్తా ఉన్నాడు. తల ఎత్తి నన్ను చూశాడు.

"అమ్మా, తల్లిదండ్రులు వస్తే కుదరదండీ. ఎవరు చేరుతున్నారో ఆ స్టూడెంటే స్వయంగా రావాలి," అన్నాడు.

"స్టూడెంటే వచ్చింది నాయనా," అన్నాను. "రాసుకో."

మీ అత్తయ్య